చవితి ముందరి దాహం

సెప్టెంబర్ 28, 2006, గురువారం

మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే లెబనాన్ అతను, జులైలో వాళ్ళ దేశంలో యుద్ధం మొదలవగానే ఇంట్లోవాళ్ళ కోసం పరిగెత్తాడు. మళ్ళీ రాలేదు. ఆ ఫ్లాటు ఖాళీ చేయించమని ఓనరు చెప్పాడట, ఇవాళ మా బిల్డింగు కాపలా చూసే నాతూర్ ఖాదర్ హుస్సేన్ తాళం తీశాడు. తీసిన రెండో నిమిషంలో మెట్ల మీద కేకలు. నేను అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి షూ విప్పుకుంటున్నాను.

"వాసు అన్నా, పాము! గాజుపెట్టెలో పాము ఇంకా బతికే ఉండాది! యా అల్లా, సైతాన్‌ని ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా అన్నా!"

కడప మనిషి ఖాదర్. రోజా ఉండి గొంతు ఎండిపోయినా ఆ అరుపు దుబాయ్‌లో ఈ కరామా పేట అంతా వినపడి ఉంటుంది. పిల్లల్ని కాపలా కాయమన్నట్టు ఆ లెబనాన్ అతను దీన్ని ఇతనికే ఒప్పజెప్పి వెళ్ళాడట. మొదట్లో మూత సందులోంచి నీళ్ళు పోశాడట కూడా. తర్వాత భయమేసి ఆ తలుపే తియ్యలేదు.

నాకంటే ముందు మా ఆవిడ సుధ పైకి పరిగెత్తింది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. అక్కడి నుంచే తెలిసింది. కొండచిలువ జాతి, చిన్నది, విషం లేదు. నీళ్ళగిన్నె అడుగున తెల్లటి చార తప్ప ఏమీ లేదు. ఊడాల్సిన కుబుసం ఊడక ఒంటికి అక్కడక్కడా అతుక్కుపోయి ఉంది. పక్కల వెంట చర్మం పొడుగ్గా మడతలు పడింది.

ఆ మడతలు చూడగానే నాకు నోరు ఎండిపోయింది.

ఖాదర్ ఇనపరాడ్ తెచ్చాడు. సుధ అడ్డం నిలబడింది. "చంపావంటే నా మీద ఒట్టే. నాగేంద్రుడయ్యా అది! కార్తీకం వస్తోంది కూడానూ." పడగ లేదు కదమ్మా అన్నాడు ఖాదర్. "పడగ లేకపోతేనేం, పాము పామే," అంది.

పెట్టె మీద దుప్పటి కప్పి ముగ్గురం కిందకి మోసుకొచ్చాం. పాము కదిలినప్పుడు ఖాదర్ గెంతాడు. అతన్ని చూసి నేనూ గెంతాను. కొంచెం ఆలస్యంగా గెంతానేమో. సుధ నా చెయ్యి పట్టుకుని, "పాపం, చేతులు చల్లబడిపోయాయండీ మీకు," అంది.

చల్లబడిన మాట నిజమే.


సెప్టెంబర్ 29, శుక్రవారం

నేను స్నానానికి వెళ్ళి వచ్చేలోగా అంతా అయిపోయింది.

మూత పక్కకి జరిపి వెండిగిన్నెలో పాలు పెట్టింది సుధ. నేను వచ్చేసరికి సగం గిన్నె ఖాళీ. ఆవిడ నేల మీద కూర్చుని చేతులు జోడించి ఏడుస్తోంది.

"చూశారా? నా చేత్తో పెడితే తాగాడండీ స్వామి! చిన్నప్పుడు మా గుమ్మంలో తాగేవాడు. మళ్ళీ ఇన్నేళ్ళకి."

"పాములు పాలు తాగవటగా సుధా."

"కళ్ళెదురుగా తాగుతుంటే తాగవంటారేమిటి? ఎవరు చెప్పారు మీకు?"

నెట్‌లో చదివానన్నాను. "ఆ నెట్‌లో రాసేవాళ్ళని మా రామచంద్రపురం వచ్చి చూడమనండి," అంది. ఫోన్ కార్డు గీకి వాళ్ళ నాన్నగారికి చెప్పింది. ఆయన ఆనందం ఇవతలికి వినిపించింది. మా అమ్మాయి భక్తికి ఎడారిలో కూడా నాగేంద్రుడు ప్రత్యక్షమయ్యాడని వీధంతా చెప్పి ఉంటారు ఈపాటికి.

కళ్ళెదురుగా తాగిందాన్ని కాదనాలంటే ఎందుకు తాగిందో చెప్పాలి. ఎందుకు తాగిందో చెప్పాలంటే నాకెలా తెలుసో చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

ఇక్కడ ఒక్కసారి రాసి వదిలేస్తాను. ఈ డైరీ కారు సీటు కిందే ఉంటుంది, ఎవరూ చూడరు. మాది పాములోళ్ళ ఇల్లు. నాన్న పాములు పట్టేవాడు, ఆడించేవాడు, నాగులచవితికి ఇంటింటికీ బుట్ట మోసుకెళ్ళేవాడు. దసరా వెళ్ళగానే బుట్టలకి తడి తగలనిచ్చేవాడు కాదు. చవితినాటికి పాము ఒంటి మీద మడతలు పడేవి. అలా ఎండిపోయినదానికి ఏది పెట్టినా తాగుతుంది. పాలు పెడితే పాలే తాగుతుంది. జనం దణ్ణాలు పెట్టేవాళ్ళు, చేటలో బియ్యం పోసేవాళ్ళు, పాత చీరలిచ్చేవాళ్ళు. మేం లేచి వచ్చేశాక మేం కూర్చున్నచోట నీళ్ళు చల్లుకునేవాళ్ళు. కార్తీకం వెళ్ళేలోగా పాము చచ్చిపోయేది. నాన్న ఇంకోదాన్ని పట్టుకొచ్చేవాడు.

సుధకి మా నాన్న మూలికల వ్యాపారం చేసేవాడని చెప్పాను. అబద్ధం కాదు. ఈశ్వరివేరు అమ్మేవాడు. మావయ్యగారు "మీరేమిట్లు బాబూ?" అన్నప్పుడు బీసీలమండీ అన్నాను. అదీ అబద్ధం కాదు. నాన్నా లేడు, అమ్మా లేదు, నేను హాస్టల్లో చదువుకున్నవాణ్ణి. దుబాయ్ ఉద్యోగం చూసి వాళ్ళు ఇంకా లోతుకి తవ్వలేదు.

తెలిస్తే సుధ వదిలేసి పోతుందని కాదు నా భయం. పోదు. కానీ అన్నం వడ్డించేటప్పుడు నా చేతుల వంక చూస్తుంది. ఆ చూపంటే నాకు భయం.


అక్టోబర్ 1, ఆదివారం

పాము కక్కుకుంది. విరిగిన పాలు, పుల్లటి కంపు. సుధ దిష్టి తగిలిందంటోంది. నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోంది అది. అలా ఊపిరి తీసినవేవీ బతకలేదు మా ఇంట్లో.

నాకేం సంబంధం. నేను తెచ్చానా.


అక్టోబర్ 2, సోమవారం

రంజాన్ కదా, నాకు ఆఫీసు మధ్యాహ్నమే అయిపోతుంది. సుధకి డిస్పెన్సరీలో రిసెప్షన్ డ్యూటీ సాయంత్రానికి మార్చారు. అంటే చీకటి పడ్డాక ఇంట్లో నేనూ అదీ.

ముట్టుకోకూడదనే అనుకున్నాను. టీవీ పెట్టాను. టీవీ చూడలేదు.

ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చేతులతో పొట్ట కింద పట్టు ఇచ్చి ఎత్తి దింపాను. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత వదులుగా పట్టుకోవాలో ఆలోచించాల్సిన పనే లేకపోయింది. చేతులు ఏమీ మర్చిపోలేదు. అది నాకు నచ్చలేదు. తల నీటి మీద ఆనించి తాగింది. దవడల వెనక చిన్న కదలిక, ఆగకుండా. నేను కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

మా ఇంట్లో ఇది చూసే అవకాశం రాలేదెప్పుడూ. పాము నీళ్ళు తాగడం.

టేబుల్ లైటు తెచ్చి పెట్టెకి ఒక పక్క వేడి తగిలేలా పెట్టాను. నేల తుడిచాను, టబ్బు కడిగి బాల్కనీలో బోర్లించాను. సుధ వచ్చి లైటు సంగతి అడిగితే, ఏసీ చలికి ముడుచుకుంటోందని జాలేసిందన్నాను. "దగ్గరికి వెళ్ళారా మీరు!" అని మురిసిపోయింది. భయం భయంగానే వెళ్ళానన్నాను.


అక్టోబర్ 5, గురువారం

మూడు సాయంత్రాలుగా టబ్బులో నీళ్ళు, పెట్టెలో గిన్నె కూడా నింపి ఉంచుతున్నాను. నోరు మూసి ఊపిరి తీస్తోంది ఇప్పుడు.

సుధ పొద్దున పాలు పెడుతోంది, నేను ఆఫీసుకి వెళ్ళేముందు పారబోసి గిన్నె సగం ఖాళీగా ఉంచుతున్నాను. "తాగుతున్నాడండీ" అంటోంది. అవునంటున్నాను. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఈ సామెత పుట్టించినవాడు నా బోటివాడే అయివుంటాడు.


అక్టోబర్ 8, ఆదివారం

తడితువాలు చుట్టి అందులోంచి పాకనిచ్చాను. కుబుసం తువాలుకి అంటుకుని వచ్చేసింది. కళ్ళ మీద పొరలు మాత్రం రాలేదు, నూనెచుక్క వేసి చాలాసేపు కూర్చుని వేలి కొసతో తీశాను. పొర ఊడగానే కన్ను నల్లగా మెరిసింది. నన్ను చూసిందో లేదో నాకెలా తెలుస్తుంది. కానీ చెయ్యి చుట్టూ చుట్టుకుని కదలకుండా ఉండిపోయింది.

అప్పుడే తలుపు తోసుకుని ఖాదర్. ఇఫ్తార్ సమోసాలు పట్టుకొచ్చాడు. గడియ పెట్టలేదు నేను! చొక్కా చేతులు మడిచి, మోచేతి దాకా పాముతో, నేల మీద.

పళ్ళెం అక్కడే పెట్టేశాడు. "అన్నా... నీకు మంత్రం వస్తాదా?"

"లేదు ఖాదర్. పెట్టె తుడుస్తుంటే చుట్టుకుంది. కదిలితే కరుస్తుందని..."

"నువ్వు నవ్వతా వుంటివి కదన్నా."

నవ్వుతున్నానా?

ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పనన్నాడు. ఆ చెప్పొద్దనడమే తప్పయిపోయింది. ఉత్తినే వదిలేస్తే మర్చిపోయేవాడు.


అక్టోబర్ 9, సోమవారం

ఆఫీసులో ఒక్క ఫైలు కూడా సరిగ్గా చూడలేదు. ఫోన్ మోగితే సుధ అనుకుంటున్నాను.


అక్టోబర్ 13, శుక్రవారం

కృష్ణవేణిగారు వచ్చారు. కరామాలో తెలుగువాళ్ళ వ్రతాలకీ పేరంటాలకీ ఆవిడే పెద్ద. నోట్లో నువ్వుగింజ నానదు. లోపలికి వస్తూనే, "ఏం వాసుగారూ, పాము మంత్రాలు వచ్చటగా మీకు? నాతూర్ చెప్పాడు," అన్నారు.

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. "ఖాదర్‌కి రోజా మూలంగా కళ్ళు తిరుగుతున్నాయండీ." సుధ కూడా నవ్వింది. నా ముఖం వంక చూసి మరీ నవ్విందా? లేదు. మామూలుగానే నవ్వింది.

ఆవిడకి చూపించాలని సుధ పాలగిన్నె పెట్టింది. పాము నాలిక ఆడించి, తల అవతలికి తిప్పుకుని లైటు దగ్గరికి పోయి పడుకుంది. దానికి దాహం లేదు మరి, నా పుణ్యమా అని. సుధ గిన్నె మార్చింది, తేనె కలిపింది, దణ్ణం పెట్టింది. ఊహూఁ.

"ఏదైనా అంటుముట్టు కలిసిందేమో అమ్మాయ్," అన్నారు కృష్ణవేణిగారు. మామూలుగానే అన్నారు, మనసులో ఏం పెట్టుకోకుండా. నేను మాత్రం గిన్నె కడిగే వంకతో వంటింట్లోకి పోయాను. వెళ్తూ వెళ్తూ, "చవితికి అందరం ఇక్కడికే వస్తాం. అసలు చవితి గురువారం, కానీ సెలవు శుక్రవారం కదా," అన్నారు. ఈ దేశంలో మన పండగలన్నీ శుక్రవారమే వస్తాయి. తిథులు కూడా వీసా ఇచ్చిన కఫీల్ మాట వినాల్సిందే.

ఆవిడ వెళ్ళాక సుధ వంటింట్లో నిలబడి ఏడ్చింది. "నేనేం అపచారం చేశానండీ? మొదటిరోజు తాగాడు కదా."

ఏమీ చెయ్యలేదని చెప్పాను. ఇంకేం చెప్పను.


అక్టోబర్ 17, మంగళవారం

తిన్నది! పెంపుడు జంతువుల షాపువాడు ఇచ్చిన, ఫ్రీజరులో గడ్డకట్టిన తెల్లఎలుకని వేడినీళ్ళలో మెత్తబరిచి, పట్టకారుతో ఆడిస్తే ఒక్క దెబ్బకి అందుకుంది. పక్కల మడతలు పూర్తిగా పోయాయి. ఒళ్ళు నిగనిగలాడుతోంది.

ఇంత సంతోషం వేసి ఎన్నాళ్ళయిందో. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం. సుధ తలుపు తీసిన చప్పుడికి పట్టకారు సోఫా కిందకి తోసేశాను.


అక్టోబర్ 20, శుక్రవారం

ఇవాళ సుధ పెట్టెలోంచి నీళ్ళగిన్నె తీసేసింది.

"చవితికి మనం ఉపవాసం ఉంటాం కదండీ. స్వామికి కూడా. వారం రోజులు నిష్ఠగా ఉంచితే శుక్రవారం తప్పకుండా తాగుతాడు. నాన్నగారు చెప్పారు. మా ఊరు వచ్చే పాములవాడు అలాగే అనేవాడట, నిష్ఠలో ఉన్న పాము అండీ ఇది అని."

నిష్ఠ. అవును, నాన్న అదే మాట అనేవాడు.

"వారం అంటే... దానికి..." అని ఆగిపోయాను.

"మీకెందుకండీ అంత భయం? దేవుడికి ఏమీ కాదు."

పర్వాలేదు. సాయంత్రాలు నేను ఉన్నానుగా.


అక్టోబర్ 21, శనివారం

దీపావళి. సుధ డ్యూటీకి వెళ్ళాక టబ్బులో నీళ్ళు పట్టించాను. తాగింది.


అక్టోబర్ 23, సోమవారం

ఈద్. సెలవులు. ఈ సంగతే నాకు తట్టలేదు. సుధకి నిన్నటి నుంచి వరసగా నాలుగు రోజులు డిస్పెన్సరీ లేదు, ఇల్లు కదలదు. పెట్టె ఎదురుగా చాపవేసుకుని స్తోత్రం చదువుకుంటోంది, రాత్రి కూడా అక్కడే పడుకుంటోంది.

పాలకని చెప్పి కిందకి వచ్చి కారులో కూర్చుని ఇది రాస్తున్నాను. వీధంతా కొత్తబట్టలు. ఖాదర్ కావలించుకుని ఈద్ ముబారక్ చెప్పాడు. చేతికి అత్తరు రాశాడు. పాముకి పడని ఆ వాసనతో పెట్టె దగ్గరికి వెళ్ళకూడదని నాకు మొదట తట్టింది. రెండోసారి ఆలోచిస్తే, వెళ్ళే వీలే లేదు.


అక్టోబర్ 25, బుధవారం

మడతలు మళ్ళీ కనిపిస్తున్నాయి. పక్కల వెంట, సన్నగా. సుధకి కనపడవు. "కొంచెం సన్నబడ్డాడు కదా," అంది అంతే.

బాత్రూంలోకి తీసుకెళ్ళి కడుగుతానన్నాను. "ఇప్పుడొద్దు, మడి," అంది.

బజారుకి పంపిద్దామని చూశాను. కావలసినవన్నీ కృష్ణవేణిగారు తెస్తున్నారట.


అక్టోబర్ 26, గురువారం

ఇవాళ డిస్పెన్సరీ తెరిచారు. సుధ వెళ్ళింది. టబ్బు తెచ్చాను, నీళ్ళు పట్టాను. పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఇవాళ నీళ్ళు తాగితే రేపు పాలు తాగదు. తాగకపోతే అంతమంది ముందు సుధ ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? అంటు కలిసిందన్న మాట మళ్ళీ వస్తుంది. ఎవరి అంటు, ఎక్కడిది అని తీగ లాగుతారు. తాగేస్తే ఏ గొడవా లేదు, చిమ్మిలి తిని ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. ఒక్క గిన్నె పాలు. మొన్న తాగింది, బతికింది కదా. రేపు వాళ్ళు వెళ్ళగానే నీళ్ళు పడతాను. రేపటి తర్వాత అన్నీ సర్దుకుంటాయి.

మొన్న బతికింది కదా.

నీళ్ళు పారబోసి టబ్బు బోర్లించాను. పాము గాజు మీద తల ఆనించి అటూ ఇటూ తిరుగుతోంది. చూడలేక లైటు తీసేశాను. అలా బుట్ట మూత వేసేసేవాడు నాన్న కూడా.


అక్టోబర్ 27, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నానికి హాల్లో చోటు లేదు. చెప్పులు మెట్ల దాకా ఉన్నాయి. గాజుపెట్టెకి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు పళ్ళేల నిండా. కృష్ణవేణిగారు కెమెరా తెచ్చారు. ఖాదర్ గుమ్మం బయట నిలబడి తొంగి చూస్తున్నాడు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. భయస్థుడి చోటు అదే కదా.

సుధ పట్టుచీరలో, తడి జుట్టుతో వెండిగిన్నె పట్టుకొచ్చింది. మూత తీసింది. పెట్టగానే పాము తలెత్తింది. ఒళ్ళంతా సాగదీసుకుని గిన్నె వైపు పాకుతోంది. అందరూ చేతులు జోడించారు. "వస్తున్నాడు, వస్తున్నాడు," అంటున్నారు ఎవరో.

సుధ ముఖం చూశాను. చిన్నపిల్ల ముఖంలా ఉంది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. నేను ఊరుకోవడానికే సిద్ధంగా ఉన్నాను, నిజంగా. కానీ పాము పెదవి పాలకి తగిలింది, దవడ వెనక ఆ కదలిక మొదలైంది, అంతే. ఎవర్ని తోసుకుని వెళ్ళానో తెలీదు. పెట్టెలో చెయ్యి పెట్టి గిన్నె అవతలికి తోసేశాను. పాలు పట్టుచీర మీద పడ్డాయి. పాముని ఎత్తుకున్నాను. అది మోచేతికి చుట్టుకుంది.

కేకలు. పిల్లల్ని లాక్కున్నారు. సుధ తెల్లబోయి చూస్తోంది. "ఏం చేస్తున్నారండీ?"

"పాలొద్దు సుధా. దీనికి నీళ్ళు కావాలి."

"తాగుతుంటే లాగేశారు! ఎంత అపచారం!" కృష్ణవేణిగారు.

"తాగుతుందండీ. ఇన్ని రోజులు నీళ్ళు లేకపోతే ఏది పెట్టినా తాగుతుంది. తాగి చచ్చిపోతుంది. మొదటిసారి కూడా చావబోయింది."

"అదంతా మీకెలా తెలుసు?"

వచ్చేసింది ఆ ప్రశ్న. నెట్, పుస్తకం, డాక్టరు, ఏదో ఒకటి చెప్పొచ్చు. నోటి దాకా వచ్చాయి అన్నీ.

"మేమే ఎండబెట్టేవాళ్ళమండీ," అన్నాను. "చవితికి ముందు. మాది పాములోళ్ళ ఇల్లు."

నేను వంటింట్లోకి వెళ్ళి బేసిన్‌లో నీళ్ళు పట్టుకొచ్చి నేల మీద పెట్టి పాముని దింపాను. తల ఆనించి తాగింది. చాలాసేపు తాగింది. అందరూ చూశారు గానీ ఎవరూ దణ్ణం పెట్టలేదు.

ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. చిమ్మిలి ఎవరూ ముట్టలేదు. కృష్ణవేణిగారు కెమెరా సంచిలో పెట్టుకుని, "రేపు మాట్లాడతాలే సుధా," అన్నారు, నన్ను చూడకుండా. ఖాదర్ మాత్రం లోపలికి వచ్చి, పాము నీళ్ళు తాగడం అయ్యేదాకా నిలబడి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

సుధ పాలు తుడవలేదు. చీర మార్చుకోలేదు. కుర్చీలో కూర్చుని అడిగింది.

"మా గుమ్మంలో తాగిన పాములు?"

"చచ్చిపోయేవి."

"అన్నీనా?"

"అన్నీ."

చీర మీద పాల మరక వంక చూసుకుంది. తర్వాత, "పాములవాడు లేచి వెళ్ళాక అమ్మ ఆ చోట నీళ్ళు చల్లించేది. నేనే చల్లేదాన్ని. పెద్ద చెంబుతో," అంది. "పాము అక్కడే వీధిలోనే ఉండేది, బుట్టలో."

నేను బేసిన్‌ని పాముకి ఇంకాస్త దగ్గరగా జరిపాను.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు నాకు?"

"భయమేసింది."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ భయంగానే ఉంది."

లేచి వచ్చింది. నా చేతులు చూసింది. నేను అనుకున్న చూపేనా అది? కాదని రాయాలని ఉంది. నాకు తెలీలేదు. కోపం ఉంది అందులో, చాలా ఉంది. పాము నుంచి కాదు, నా నుంచి కొంచెం ఎడంగా నిలబడింది. తర్వాత ఫోన్ కార్డు తీసింది. చవితి అవగానే చేస్తానని వాళ్ళ నాన్నగారికి మాటిచ్చింది కదా, ఆయన కాచుకుని ఉంటారు.

వద్దు, ఇవాళొద్దు అన్నాను. వినలేదు. ఆయన గొంతు పెద్దది, ప్రతి మాటా బయటికి వినపడింది.

"తాగాడా అమ్మా స్వామి?"

"తాగింది నాన్నగారూ," అంది సుధ. "నీళ్ళు తాగింది."

"నీళ్ళేమిటే? పాలు పెట్టలేదూ?"

"పాలు తాగితే చచ్చిపోతుందటండీ. మనింట్లో తాగినవి కూడా చచ్చిపోయాయట."

"ఎవడు చెప్పాడు నీకు?"

"మీ అల్లుడుగారు."

"అతనికేం తెలుసే పాముల సంగతి?"

సుధ ఫోను అరచేత్తో మూసి నావైపు తిరిగింది. "నేను చెప్తే ఏదో ఒకటి సర్ది చెప్పేస్తాను. అలవాటే కదా మనకి. మీరే చెప్పండి," అని ఫోను చాచింది.

చేతులు చొక్కాకి తుడుచుకున్నాను. ఫోను తీసుకున్నాను.

"ఏమిటిదంతా బాబూ?" అన్నారు మావయ్యగారు.

"మావయ్యగారూ, మా నాన్న పేరు పాముల సింహాచలం అండీ," అన్నాను. "చవితికి మీ వైపు ఊళ్ళన్నీ తిరిగేవాడు. వెనకాల బుట్ట మోసింది నేనేనండీ."

లైను ఉందో పోయిందో తెలీలేదు. సుధ నా పక్కనుంచి కదల్లేదు. నేనూ ఫోను పెట్టెయ్యలేదు.